కట్టుదిట్టమైన మతం నుంచి బయటికొచ్చాను, ఖాళీ టైమ్‌లో సరదాగా ఏదైనా చేస్తే తప్పు చేస్తున్నట్టు అనిపిస్తోంది. మీకూ ఇలాగే ఉండేదా?

నీలిసిరా:

అందరికీ నమస్తే. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నా, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. పుట్టినప్పటి నుంచి చాలా కట్టుబాట్లున్న ఒక మతశాఖలో పెరిగాను. పేరు చెప్పను, ఇంట్లోవాళ్లు ఇంకా అందులోనే ఉన్నారు. పోయినేడాది పూర్తిగా బయటికొచ్చేశాను. నమ్మకం విషయంలో ఇప్పుడు నాకు గందరగోళం ఏమీ లేదు, ఆ చర్చ కోసం రాయట్లేదు. నా సమస్య వేరే. ఖాళీ టైమ్‌ని ఏం చేసుకోవాలో తెలియట్లేదు.

అక్కడున్నప్పుడు వారమంతా నిండిపోయి ఉండేది. వారం మధ్యలో సంఘం కూడిక, దానికి ముందురోజు రాత్రి పాఠం చదువుకుని జవాబుల కింద గీతలు గీసుకోవడం, వారాంతంలో మళ్లీ కూడిక, ఆ తర్వాత ప్రచారం, నెలాఖరుకి ఎన్ని గంటలు సేవ చేశామో రాసివ్వడం. సినిమాలు, పాటలు, ఆటల పోటీలు అన్నీ లోకసంబంధమైనవే. ఎవరూ గట్టిగా తిట్టేవాళ్లు కాదు. "దీనివల్ల నీ ఆత్మీయ జీవితానికి ఏం లాభం?" అని పెద్దలు మెల్లగా అడిగేవాళ్లు, అంతే. దానికి నా దగ్గర ఎప్పుడూ జవాబు ఉండేది కాదు, అడిగిన ప్రతిసారీ ఒక ఇష్టం వదిలేసుకునేదాన్ని.

చిన్నప్పుడు నాకు బొమ్మలంటే ప్రాణం. అందుకే ఈమధ్య వాటర్‌కలర్స్ కొనుక్కున్నాను. కూర్చుని కాసేపు బ్రష్ తిప్పానో లేదో గుండె మీద ఏదో బరువు పెట్టినట్టు అవుతుంది. వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. లేచి ఇల్లు సర్దితేనో, ఆఫీసు మెయిల్స్ చూసుకుంటేనో తగ్గుతుంది, అంటే పనికొచ్చే పని చేస్తే తప్ప మనసు ఊరుకోదన్నమాట. పోనీ రోజూ ఒక బొమ్మ వేయాలని గోడకి చార్ట్ పెట్టుకుంటే, ఒక్కరోజు తప్పినా పాత గిల్టే మళ్లీ వచ్చి కూర్చుంటోంది. సరదా కోసం మొదలుపెట్టింది కూడా డ్యూటీ అయిపోయింది.

ఇది పోతుందా? మీరు ఎలా బయటపడ్డారు? అసలు మీకు ఏది ఇష్టమో ఎలా తెలుసుకున్నారు?

పాతగొడుగు:

నీలిసిరా గారూ, ఇది చిన్న విషయమేం కాదు. నమ్మకం పోవడం ఒక ఎత్తు, ఆ నమ్మకం ఒంటికి పట్టించిన అలవాట్లు పోవడం ఇంకో ఎత్తు. బుర్ర ఒప్పుకున్నంత తొందరగా ఒళ్లు ఒప్పుకోదు. నేను బయటికొచ్చి చాలా ఏళ్లయింది, మొదట్లో నాదీ అచ్చంగా ఇదే పరిస్థితి, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నా.

నాకు అర్థమైనంతలో, అక్కడ మన బుర్రలోకి బాగా ఎక్కించింది "నీ టైమ్ నీది కాదు" అనే మాట. సరదాలు పాపం అనడం దాని తర్వాతే. టైమ్ దేవుడిది, సంఘానిది, కాబట్టి ప్రతి గంటకీ ఎవరికో ఒకరికి లెక్క అప్పజెప్పాలి. మీ మతమే అని కాదు, కట్టుదిట్టంగా ఉండే ఏ మతమైనా ముందు చేతిలోకి తీసుకునేది మనిషి టైమ్‌నే. యెహోవాసాక్షులు అనే మతశాఖలో 2023 నవంబరు ముందు దాకా ప్రచారకులందరూ ప్రతి నెలా ఎన్ని గంటలు ప్రచారం చేశారో రిపోర్టు ఇచ్చేవాళ్లు, ఇప్పుడు గంటల లెక్క పయినీర్ల (ప్రచారానికి ఎక్కువ గంటలు కేటాయించేవాళ్లు) లాంటివాళ్లకే ఉంది. మార్మన్ అనే ఇంకో మతశాఖ కుర్రాళ్లు మిషన్‌కి, అంటే మతప్రచారానికి, వెళ్తే రెండేళ్లపాటు పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా షెడ్యూలే. మీరు నెలాఖరు లెక్కల్లో పెరిగారు. లెక్క అడిగేవాళ్లు ఇప్పుడు లేరు, కానీ రాసే చెయ్యి ఇంకా ఆగలేదు. గోడ మీద ఉన్న ఆ చార్ట్ అదే.

నా మాట వింటే ముందు చార్ట్ తీసేయండి. "దీనివల్ల ఏం లాభం" అన్న ప్రశ్నకి జవాబు వెతకడం కూడా మానేయండి. బొమ్మలు వేస్తే స్ట్రెస్ తగ్గుతుంది, ఏకాగ్రత పెరుగుతుంది అని మీకు మీరే సర్దిచెప్పుకుంటే అది కూడా పెద్దలకి సంజాయిషీ ఇచ్చుకున్నట్టే. లాభం లేదు, అయినా వేస్తున్నాను, అంతే. ఈ మాట పైకి అనడం మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది.

ఇంకోటి, గిల్ట్ పోయాక హాయిగా గీసుకుందాం అనుకుంటే ఎప్పటికీ గీయరు. డిప్రెషన్‌కి ఇచ్చే చికిత్సల్లో బిహేవియరల్ యాక్టివేషన్ అని ఒకటుంది, 1970ల్లో పీటర్ లూయిన్‌సన్ లాంటి సైకాలజిస్టుల పనిలోంచి వచ్చింది. మూడ్ బాగయ్యేదాకా ఆగకు, ముందు పని మొదలుపెట్టు, మూడ్ దాని వెనకాల వస్తుంది అనేది దాని సారం. మనకీ ఇది పనికొస్తుంది. బరువుగా ఉన్నా లేవకండి. బ్రష్ చేతిలో ఉండనివ్వండి, ఆ బరువునీ ఉండనివ్వండి. కొన్నాళ్లకి అది వచ్చినా పట్టించుకోరు, ఇంకొన్నాళ్లకి రావడం మానేస్తుంది. నాకు అలాగే జరిగింది.

తకధిమి:

పైన పాతగొడుగు గారు ఒళ్లు ఒప్పుకోదు అన్నారు చూడండి, అక్కడే ఆగిపోయాను. నేను పెరిగిన చోట డాన్స్ అంటే నేరుగా పాపం. బయటికొచ్చాక నేను మొదట చేరింది డాన్స్ క్లాస్‌లోనే, పంతం కొద్దీ చేరాను అనుకోండి.

ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెడుతూ అడుగులు వేయిస్తారు. అడుగులు తొందరగానే వచ్చేశాయి, ఎందుకంటే చెప్పింది చెప్పినట్టు చేయడంలో మనం చిన్నప్పటి నుంచీ ఆరితేరినవాళ్లం కదా. కానీ భుజాలు కదలవు. నడుము అసలే కదలదు. ఎదురుగా గోడంతా అద్దం, అందులో నన్ను నేను చూసుకోలేక కళ్లు నేల మీదే ఉండేవి. టీచర్ ఏమీ అనకుండా నన్ను వెనక వరసలో, అద్దం కనపడని మూలకి మార్చింది. అక్కడ ఎవరూ నన్ను చూడట్లేదని తెలిశాక ఒకరోజు పాట మధ్యలో భుజాలు వాటంతట అవే వదులయ్యాయి. నాకు ఏడుపొచ్చేసింది, సంతోషమో దుఃఖమో కూడా తెలియలేదు. ఇన్నేళ్లూ ఈ ఒంటిని దాచుకోవాల్సిన వస్తువులా మోసుకు తిరిగానే అనిపించింది.

అందుకే చెప్తున్నా, ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది అన్నారు కదా, కొన్నాళ్లు మీ బొమ్మలు ఎవరికీ చూపించకండి. ఇక్కడ పెట్టొద్దు, ఫ్రెండ్స్‌కి పంపొద్దు, ఇన్‌స్టాలో అస్సలు వద్దు. మెచ్చుకున్నా సరే, అది కూడా ఒకరు చూసి మార్కులు వేసినట్టే. మనం ఇరవై నాలుగ్గంటలూ ఎవరో ఒకరు చూస్తున్నారనే నమ్మకంలో పెరిగినవాళ్లం. ఎవరూ చూడని చోటు ఒకటి మీకు కావాలి.

సగందారి:

పాతగొడుగు గారి మాట చాలావరకు నిజమే కానీ చార్ట్ తీసేయమన్నది అందరికీ పడదు. నాకైతే పడలేదు. ఉన్నట్టుండి వారం మొత్తం ఖాళీ అయిపోయేసరికి నేను చేసింది ఏంటంటే మంచం మీద పడుకుని ఫోన్ చూడడం. దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టుకున్నా, లోపల మాత్రం పాడుబడ్డ ఇల్లులా ఉండేది. పైగా మనం పోగొట్టుకుంది నమ్మకం ఒక్కటే కాదు కదా. వారానికి రెండుసార్లు అవే మొహాలు, మన పేరు తెలిసినవాళ్లు, మనం రాకపోతే ఏమైందని ఫోన్ చేసేవాళ్లు, అవన్నీ ఒక్కసారిగా పోతాయి. ఇంట్లో ఒక్కళ్లే కూర్చుని బొమ్మలు వేస్తే ఆ లోటు తీరదు.

నన్ను నిలబెట్టింది చెస్ క్లబ్. ఫలానా రోజు, ఫలానా టైమ్, వెళ్లాలి. అక్కడికి వెళ్లాక నా గురించి ఎవరికీ ఏమీ అక్కర్లేదు, ఎత్తు వేశానా లేదా, గడియారం నొక్కానా లేదా అంతే. ఓడిపోయినా చేతులు కలిపి, ఎక్కడ పొరపాటు జరిగిందో ఇద్దరం కలిసి ఎత్తులు వెనక్కి వేసి చూసుకుంటాం. తప్పు చేసినవాడితో పక్కన కూర్చుని మామూలుగా మాట్లాడే మనుషుల్ని నేను అక్కడే మొదటిసారి చూశాను. మేము పెరిగిన చోట తప్పంటే సంజాయిషీ, ఏడుపు, పదిమందిలో తలదించుకోవడం. అదే నాకు పెద్ద మార్పు.

రాబర్ట్ స్టెబిన్స్ అనే సోషియాలజిస్టు 1982లో సీరియస్ లీజర్ అనే మాట వాడుకలోకి తెచ్చాడు. ఊరికే కాలక్షేపం ఒక రకం, ఏళ్ల తరబడి కష్టపడి నేర్చుకుంటూ, అందులో పైకెదుగుతూ, తోటి అభిమానులతో ఒక చిన్న లోకం ఏర్పరచుకునేది ఇంకో రకం. రెండోదాంట్లో క్రమశిక్షణ ఉంటుంది, విసుగు కూడా ఉంటుంది, అయినా అది మనం ఎంచుకున్నది. మనలాంటివాళ్లకి క్రమశిక్షణ అంటేనే ఒళ్లు మండుతుంది, అది సహజం, కానీ దాన్ని మొత్తంగా వదులుకోవడం ఎందుకు? నా దృష్టిలో తేడా ఒక్కటే: వెళ్లకపోతే ఎవరైనా నిన్ను దోషిలా చూస్తారా లేదా. చూడని చోట రొటీన్ వల్ల ఏ నష్టమూ లేదు.

అన్నట్టు చెస్ కూడా వదల్లేదు వీళ్లు. 1973లో యెహోవాసాక్షుల పత్రికలో చెస్ ఆడడం గురించి హెచ్చరిస్తూ వ్యాసం వచ్చింది, యుద్ధం మీద ఆధారపడ్డ ఆట అని, పోటీతత్వం పెంచుతుందని. అరవై నాలుగు గళ్ల బల్ల!

మసకవెన్నెల:

చరిత్ర పిచ్చి ఉన్నదాన్ని కాబట్టి ఒక మాట చెప్పి వెళ్తా. ఆటపాటల మీద ఈ అనుమానం మీ సంఘం కనిపెట్టింది కాదు, చాలా పాతది. ఇంగ్లండ్‌లో 1618లో మొదటి జేమ్స్ రాజు ఒక ప్రకటన ఇచ్చాడు, ఆదివారం ప్రార్థన అయిపోయాక జనం డాన్స్ చేసుకోవచ్చు, బాణాలు వేసుకోవచ్చు, గెంతుకోవచ్చు అని. అంటే అప్పటికే ఇవి కూడదనేవాళ్లు ఎంత గట్టిగా ఉన్నారో చూడండి, రాజు పర్మిషన్ ఇవ్వాల్సి వచ్చింది. తర్వాత ప్యూరిటన్ల (కఠినమైన కట్టుబాట్లు కోరే ప్రొటెస్టెంట్లు) చేతికి పార్లమెంటు వచ్చాక 1642లో నాటకశాలలు మూయించారు, 1643లో ఆ ప్రకటన ప్రతుల్ని బహిరంగంగా తగలబెట్టించారు, 1647లో క్రిస్మస్ పండగ కూడా రద్దు. 1660లో రాజరికం తిరిగొచ్చాక నాటకాలు మళ్లీ మొదలయ్యాయి. మన రోజులకొస్తే తాలిబన్లు 1996 నుంచి 2001 దాకా సంగీతంతో పాటు గాలిపటాలు కూడా నిషేధించారు.

ఇవన్నీ చదివినప్పుడు నాకు కోపం కంటే ధైర్యం ఎక్కువ వచ్చింది. జనం చేతిలోంచి ఆటని లాక్కోవాలంటే చట్టాలు, కొరడాలు, కాపలావాళ్లు కావాల్సి వచ్చారు, అవి తీసేయగానే ఆట మళ్లీ వచ్చేసింది. మీకు చిన్నప్పుడు బొమ్మలంటే ప్రాణం అన్నారు, అది ఎవరూ నేర్పింది కాదు కదా.

ఒక్క విషయంలో జాగ్రత్త. బయటికొచ్చిన కొత్తలో మనందరం ఆ మతం తప్పుల మీద వీడియోలు చూస్తూ, వాదించుకుంటూ రాత్రుళ్లు గడిపేస్తాం. కొంతకాలం అది అవసరమే, నిజాలు తెలియాలి. కానీ ఉన్న ఖాళీ టైమంతా దానికే పోతే ఆ మతమే ఇంకో దారిలో మన వారాన్ని మింగేస్తున్నట్టు లెక్క. నా విషయంలో అది చాలాకాలం సాగింది.

నీలిసిరా:

ఇంత మంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. ఒక్కొక్కటీ రెండుసార్లు చదివాను. చార్ట్ ఇవాళే తీసేశాను. సగందారి గారూ, మీరు చెప్పింది కూడా తలకెక్కింది, కానీ ఇప్పుడప్పుడే మనుషుల మధ్యకి వెళ్లే ధైర్యం లేదు, కొన్నాళ్లాగి ఏదైనా స్కెచింగ్ గ్రూపు చూసుకుంటా. తకధిమి గారూ, వెనక వరస మాట చదివి నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంకో రెండు అడగొచ్చా? ఒకటి, ఇది మామూలు గిల్టా లేక డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినంత విషయమా అని ఎలా తెలుస్తుంది? రెండోది, మా నాన్న ప్రతి వారాంతం ఫోన్ చేసి "ఇవాళ ఏం చేశావు" అని అడుగుతారు. బొమ్మలు వేసుకున్నా అని చెప్తే ఫోన్‌లో ఒక నిశ్శబ్దం. అబద్ధం చెప్పడం ఇష్టం లేదు, నిజం చెప్తే ఆయన బాధపడతారు, ఫోన్ పెట్టేశాక ఆ రోజంతా నేను బ్రష్ ముట్టుకోలేను.

నిదానం:

మొదటిదానికి నేను చెప్తా, కౌన్సెలింగ్ రంగంలోనే పనిచేస్తున్నా. అయితే ఒక పోస్టు చదివి ఎవరికీ ఏదీ నిర్ధారించలేం, అది గుర్తుపెట్టుకోండి.

బరువుగా అనిపించి కాసేపటికి తగ్గిపోతుంటే, నెలలు గడిచేకొద్దీ పలచబడుతుంటే, అది పాత అలవాటు వదిలే క్రమం. అలా కాకుండా ఒకే పాపపు ఆలోచన రోజంతా తిరుగుతూ ఉండడం, దాన్ని పోగొట్టడానికి మనసులో క్షమాపణలు లెక్కపెట్టుకోవడం, నమ్మకం లేకపోయినా ప్రార్థన చేస్తే తప్ప నిద్రపట్టకపోవడం, "నేను చేసింది తప్పు కాదు కదా" అని పదేపదే ఎవర్నో ఒకర్ని అడిగి భరోసా తెచ్చుకోవడం, ఇవి ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. ఓసీడీలో (వద్దన్నా అవే ఆలోచనలు తిరుగుతూ, చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్య) స్క్రుపులాసిటీ అని ఒక రకం ఉంది, పాపభీతి చుట్టూ తిరిగేది. దానికి ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అనే, భయపెట్టే ఆలోచనని ఎదుర్కొంటూ దాన్ని పోగొట్టే పనులు ఆపుకోవడం నేర్పే పద్ధతి బాగా పనిచేస్తుంది, అవసరమైతే మందులు కూడా ఉంటాయి. అలాగే మార్లీన్ వినెల్ అనే సైకాలజిస్టు 2011లో రిలిజియస్ ట్రామా సిండ్రోమ్ అనే మాట వాడింది, కఠినమైన మతాల నుంచి బయటికొచ్చినవాళ్లలో కనిపించే ఆందోళన, నిర్ణయాలు తీసుకోలేకపోవడం, సంతోషపడలేకపోవడం లాంటివాటికి కలిపి. డాక్టర్లు వాడే అధికారిక జాబితాల్లో ఆ పేరు లేదు, కానీ మీరు చెప్పేది కొత్తగా పుట్టిన విచిత్రం కాదని తెలియడానికి పనికొస్తుంది. థెరపిస్టుని ఎంచుకునేటప్పుడు మొదటి రోజే అడిగేయండి, మతం వదిలేసినవాళ్లతో పనిచేశారా, నన్ను మళ్లీ వెనక్కి పంపాలని చూడరు కదా అని. అడగడం తప్పేం కాదు, మంచివాళ్లు నొచ్చుకోరు.

శృతిలేదు:

నేను దేవుణ్ని నమ్మడం మానలేదు, ఆ కట్టుదిట్టమైన సంఘాన్ని మాత్రమే వదిలేశాను, కాబట్టి నా మాట కొంచెం వేరేగా ఉంటుంది. ఇష్టమైనవన్నీ బయటి లోకంలోనే కొత్తగా వెతుక్కోవాలని ఏం లేదు. నాకు నాలుగు గొంతుల్లో కలిసి పాడడం అక్కడే అలవాటైంది, ఆ పాటలు ఇప్పుడు పాడలేను కానీ ఆ పాడడం మాత్రం నాదే. ఒక కాయిర్‌లో చేరాను, అందులో నమ్మేవాళ్లు, నమ్మనివాళ్లు అందరూ ఉన్నారు. మన గొంతు పక్కవాళ్ల గొంతులో కలిసిపోయి ఏది ఎవరిదో తెలియని ఆ క్షణం కోసం వారమంతా ఎదురుచూస్తా. మీకు పాఠాల కింద గీతలు గీయడం ఇష్టమై ఉంటే, ఏమో, పాత పుస్తకాలు పక్కన పెట్టుకుని నచ్చిన నవలల్లో గీతలు గీసుకోండి. అక్కడి నుంచి తెచ్చుకోదగ్గవి ఉంటే మొహమాటపడకుండా తెచ్చుకోండి.

మీ నాన్నగారి విషయం. మా అమ్మ ఇంకా అందులోనే ఉంది, కాబట్టి ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. నేను చేసేది ఏంటంటే, ఆవిడ అడిగింది లెక్కలా తీసుకోను, కబురులా తీసుకుంటా. "బొమ్మ వేశాను నాన్నా, ఆకాశం వేద్దామంటే కాగితం తడిసి ముడతలు పడింది, 300 జీఎస్ఎమ్ (అంటే మందపాటి) కాగితం వాడి అంచులకి టేప్ వేస్తే ముడతలు తగ్గుతాయట, అది తెప్పించా" అని పని గురించి చెప్పండి. ఎందుకు వేస్తున్నానో చెప్పకండి, వేయొచ్చా అని అడిగినట్టు గొంతు పెట్టకండి. నిశ్శబ్దం వస్తే దాన్ని మీరు నింపకండి, కొంచెం ఆగి ఆయన మోకాళ్ల నొప్పి గురించో, పనుల గురించో అడగండి. ఆయన బాధపడితే పడనివ్వండి, ఆ బాధ తీర్చడానికి మీ శనివారం ఇచ్చేయాల్సిన పనిలేదు. ఇంకా, ఫోన్ ఆయన చేసేదాకా ఆగకుండా మీరే పొద్దున్నే చేసేయండి. మాట్లాడాల్సింది ముందే అయిపోతుంది, మధ్యాహ్నం మొత్తం బొమ్మలకి మిగులుతుంది.

మా అమ్మ చాలాకాలం ఏమీ అనలేదు. ఈమధ్య "ఈ వారం ఏం పాడారు" అని తనే అడిగింది. అందరి ఇళ్లలో అలా జరుగుతుందని చెప్పను, జరక్కపోయినా నేను పాడేదాన్నే.